సాహిత్యపరిశోధనలో ఆధారపరీక్ష: పాఠనిర్ణయం, ‘తొలి’ ప్రతిపాదనలు – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
పరిశోధనపద్ధతులను సూత్రాలుగా చదవడం వేరు, వాటిని ఒక సాహిత్యసమస్యకు అన్వయించడం వేరు. ప్రశ్నను రూపొందించుకోవడం, పాఠాన్ని నిర్ణయించుకోవడం, ఆధారాన్ని పరీక్షించడం, నిర్ణయపరిధిని ప్రకటించడం అనే నాలుగు ప్రాథమికాంశాలను తెలుగు సాహిత్యచరిత్రలోని కొన్ని ప్రసిద్ధ సందర్భాల ఆధారంగా వివేచించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘కన్యాశుల్కం’ రెండు కూర్పులు, వేమన పద్యాల సంకలనాలు, తొలి నవల – తొలి కథానిక చర్చలు, నన్నెచోడుని కాలనిర్ణయం ఇందులో ప్రధాన ఉదాహరణలు. గ్రంథచౌర్యపరీక్ష పరిమితులను కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: పరిశోధన, ఆకరాలు, పాఠనిర్ణయం, పరికల్పన, కాలనిర్ణయం, గ్రంథచౌర్యం, కన్యాశుల్కం, భండారు అచ్చమాంబ, నన్నెచోడుడు.

1. ఉపోద్ఘాతం:
విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో వెలువరించిన పిహెచ్.డి. నిబంధనలు పరిశోధకులకు కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కును తప్పనిసరి చేశాయి. పరిశోధన, ప్రచురణ నైతికతకు సంబంధించిన పాఠ్యాంశం అందులో భాగం. కాబట్టి పరికల్పన అంటే ఏమిటి, ప్రాథమిక ఆకరాలేవి, ద్వితీయ ఆకరాలేవి అన్న ప్రశ్నలకు నేటి పరిశోధకులందరూ సమాధానం రాయగలరు. అయితే ఆ సమాధానాలు పరీక్షపత్రంలో ఉన్నంత స్పష్టంగా సిద్ధాంతగ్రంథంలో కనిపించవు. చాలా సిద్ధాంతగ్రంథాలలో పద్ధతుల ప్రస్తావన మొదటి అధ్యాయంలో ఒకటి రెండు పుటలకు పరిమితమవుతుంది. తరువాతి అధ్యాయాలలో ఆ పద్ధతి ఏ నిర్ణయానికి ఎలా తోడ్పడిందో చెప్పే వాక్యం అరుదు.

ఈ లోపానికి కారణం పరిశోధకుల అలసత్వమని తేల్చివేయడం సులభం. కాని అసలు కారణం బోధనలోనూ ఉంది. పద్ధతులను సామాజికశాస్త్రాల పాఠ్యగ్రంథాలనుంచి తెచ్చి, నమూనా ఎంపిక, ప్రశ్నావళి, పట్టిక అనే క్రమంలో బోధించడం వాడుకగా మారింది. క్షేత్రపర్యటనతో కూడిన జానపదపరిశోధనకు ఇవి అవసరమే. కావ్యంమీదనో నాటకంమీదనో పనిచేసే పరిశోధకునికి వీటికంటె ముందు ఎదురయ్యే ప్రశ్నలు వేరు: చేతిలో ఉన్న పాఠం ఎవరిది, ఎప్పటిది? ఈ విషయాన్ని మొదట చెప్పినవారెవరు? ఏ ఆధారంతో చెప్పారు? ఆ ఆధారం ఇప్పటికీ నిలుస్తున్నదా? ఈ ప్రశ్నలను తెలుగు సాహిత్యచరిత్రనుంచే నేర్చుకునే వీలుంది.

2. అంశం – ప్రశ్న:
తెలుగు శాఖలలో నమోదయ్యే శీర్షికలలో ‘ఫలానా రచయిత సాహిత్యం – సమగ్ర పరిశీలన’ అన్న నమూనా చిరపరిచితం. జీవితం, రచనల పరిచయం, వస్తువు, శైలి, పాత్రచిత్రణ, ముగింపు అని అధ్యాయాలు ముందే సిద్ధంగా ఉంటాయి. రచయిత పేరు మార్చినా అధ్యాయాల పేర్లు మారవు. ఈ నమూనాలో అంశం ఉంది కాని ప్రశ్న లేదు.

అంశం పరిశోధకుడు ఎక్కడ వెతకాలో చెబుతుంది. ప్రశ్న ఏమి వెతకాలో, ఏది దొరికితే తన అభిప్రాయాన్ని మార్చుకోవాలో చెబుతుంది. ‘గురజాడ నాటకంలో స్త్రీపాత్రలు’ అన్నది అంశం. ‘1897 నుంచి 1909 వరకు గడిచిన కాలంలో మధురవాణి పాత్రలో వచ్చిన మార్పు నాటకం సంస్కరణదృష్టిని మార్చిందా?’ అన్నది ప్రశ్న. మొదటిదానికి ఎంత రాసినా కాదనడానికి వీలుండదు. రెండవదానికి చెప్పే సమాధానం తప్పు కావడానికి అవకాశముంది. తప్పు కాగల అవకాశమున్న ప్రతిపాదననే ఆధారాలతో నిరూపించవలసిన అవసరం కలుగుతుంది. పరికల్పన అనే మాటకు సాహిత్యపరిశోధనలో ఇంతకుమించిన నిగూఢార్థం లేదు.

‘ఈ రచయిత సమాజశ్రేయస్సును కోరాడు’ వంటి వాక్యాన్ని పరికల్పనగా చూపే సిద్ధాంతగ్రంథాలున్నాయి. దానికి విరుద్ధమైన ఆధారం ఎలా ఉంటుందో ఊహించడం కూడా కష్టం. ఖండనకు అవకాశంలేని వాక్యాన్ని నిరూపించడానికి మూడు వందల పుటలు అక్కరలేదు.

3. పాఠనిర్ణయం:
3.1 కన్యాశుల్కం – రెండు కూర్పులు:
గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. 1909లో రెండవ కూర్పు వెలువడింది. రెండవ కూర్పు మొదటిదానికి స్వల్పసవరణలతో కూడిన పునర్ముద్రణ కాదు. అయిదంకాల నాటకం ఏడంకాలకు పెరిగింది. సన్నివేశాలు మారాయి, సంభాషణలు విస్తరించాయి. మధురవాణి పాత్ర నేడు పాఠకులకు తెలిసిన విస్తృతిని, వ్యక్తిత్వాన్ని పొందినది రెండవ కూర్పులోనే. నేడు బజారులో దొరికే ప్రతులు, పాఠ్యాంశాలుగా బోధించే భాగాలు, రంగస్థలంమీద కనిపించే ప్రయోగాలు ప్రధానంగా ఈ రెండవ కూర్పుకు చెందినవి. మొదటి కూర్పు చాలాకాలం పాఠకులకు అందుబాటులో లేదు. బండి గోపాలరెడ్డి (బంగోరె) దానిని వెలికితీసి 1969లో ప్రచురించాడు.

ఈ చరిత్ర తెలియని పరిశోధకుడు రెండవ కూర్పునుంచి సంభాషణను ఉటంకించి, దానిముందు ‘1897లో వెలువడిన కన్యాశుల్కంలో’ అని రాస్తాడు. చూడడానికి ఇది చిన్న పొరపాటు. పర్యవసానం మాత్రం చిన్నది కాదు. 1897కు, 1909కి నడుమ పన్నెండేళ్ల కాలముంది. వ్యావహారికభాషావాదం రూపుదిద్దుకుంటున్న దశ అది. 1909 నాటి వాక్యాన్ని 1897కు ముందుకు జరిపితే వ్యావహారికభాషాచరిత్రలో లేని సాక్ష్యాన్ని సృష్టించినట్లవుతుంది. వేశ్యావృత్తిపై సంస్కర్తల వైఖరిని నాటకం ఎలా ప్రశ్నించిందో చర్చించే పరిశోధకునికీ ఇదే చిక్కు వస్తుంది. ఆ ప్రశ్న మొదటి కూర్పులో ఎంతవరకు ఉంది, రెండవ కూర్పులో ఎంత పెరిగింది అని పోల్చకుండా గురజాడ దృక్పథపరిణామాన్ని గురించి మాట్లాడడం సాధ్యం కాదు.

కాబట్టి ఏ కూర్పు, ఏ ముద్రణ, ఎవరి పరిష్కరణ అనే మూడు వివరాలు పుటసంఖ్య కంటె ముందు నిలవవలసినవి. వాటిని చెప్పని ఉటంకింపు చిరునామా లేని ఉత్తరం వంటిది.

3.2 వేమన – ఎన్ని పద్యాలు?
అచ్చులోకి రాకముందు ప్రచారంలో ఉన్న రచనల విషయంలో ఈ సమస్య మరింత జటిలం. సి.పి. బ్రౌన్ 1829లో ప్రచురించిన వేమన సంకలనంలో 693 పద్యాలున్నాయి. 1839 నాటి కూర్పులో వాటి సంఖ్య 1164కు పెరిగింది. తరువాతి ప్రచురణకర్తల సంకలనాలలో ఈ సంఖ్య వేలకు చేరింది. వేమన పేరుతో అచ్చయిన ప్రతి పద్యమూ వేమనదేనని అంగీకరించిన పండితుడు లేడు. ఏది వేమనదో తేల్చడానికి అందరూ ఒప్పుకునే కొలమానమూ లేదు.

ఈ స్థితిలో ‘వేమన స్త్రీలను గురించి ఇలా భావించాడు’ అనే నిర్ణయం పరిశోధకుడు ఎంచుకున్న సంకలనంమీద ఆధారపడుతుంది. ఒక సంకలనంలో ఉన్న పద్యం మరొకదానిలో ఉండకపోవచ్చు. వేమనను సంస్కర్తగా చూపదలచినవారు ఒక రకం పద్యాలను, ఆయన పరిమితులను చూపదలచినవారు మరొక రకం పద్యాలను ఏరుకుంటే, ఇద్దరి వాదాలూ ఉదాహరణలతో నిండుగానే ఉంటాయి. ఏరిన తీరును ప్రకటించనప్పుడు ఉదాహరణల సంఖ్య నిరూపణ కాదు. ‘బ్రౌన్ 1829 సంకలనంలోని పద్యాల మేరకు’ అని పరిధిని గీసుకున్న పరిశోధన పరిమాణంలో చిన్నదైనా, దాని నిర్ణయం సరిచూడడానికి వీలైనది.

4. ‘తొలి’ ప్రతిపాదనలు:
సాహిత్యచరిత్రలో అతి త్వరగా స్థిరపడేదీ, అతి ఆలస్యంగా సవరణకు లోనయ్యేదీ ‘తొలి’ అనే విశేషణం.

4.1 తొలి నవల:
కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖరచరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో ప్రచురణ మొదలై, 1880లో గ్రంథరూపం ధరించింది. నరహరి గోపాలకృష్ణమచెట్టి ‘శ్రీరంగరాజచరిత్ర’ 1872లో వెలువడింది. ప్రచురణకాలాన్ని మాత్రమే చూస్తే రెండవది ముందు వచ్చింది. అయినా రాజశేఖరచరిత్రమే తొలి నవలగా పాఠ్యగ్రంథాలలో చాలాకాలం నిలిచింది. దీనికి ఒక కారణం వీరేశలింగం స్వయంగా ఇచ్చిన సాక్ష్యం. తెలుగులో తొలి వచనప్రబంధం తనదేనని ఆయన స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు.

రచయిత తనను గురించి చెప్పుకున్నది విలువైన ప్రాథమిక ఆకరం. కాని ప్రాథమిక ఆకరం కావడమూ, ప్రామాణికం కావడమూ ఒకటి కాదు. ఆ వాక్యం వీరేశలింగం తన కృషిని ఎలా అంచనా వేసుకున్నాడో తెలపడానికి తిరుగులేని ఆధారం. తెలుగు నవలాచరిత్ర ఎక్కడ మొదలైందో తెలపడానికి మాత్రం అది పరీక్షించవలసిన ప్రతిపాదన. ఒకే వాక్యం ఒక ప్రశ్నకు సాక్ష్యంగానూ, మరొక ప్రశ్నకు వాదంగానూ ఉంటుందన్న వివేకం ఆధారపరీక్షకు పునాది.

శ్రీరంగరాజచరిత్రకు నవలాలక్షణాలు ఎంతవరకు ఉన్నాయన్న చర్చ వేరు. రాజశేఖరచరిత్రకు గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణ అన్న విషయాన్ని అందులో ఎంత పరిగణించాలన్నది మరొక చర్చ. ఈ రెండింటినీ ప్రచురణకాలంతో కలిపివేసినందువల్లనే వివాదం పరిష్కారానికి అందకుండా సాగింది.

4.2 తొలి కథానిక:
గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడింది. తొలి తెలుగు కథానికగా అది తరతరాల విద్యార్థులకు పరిచితం. భండారు అచ్చమాంబ (1874–1905) కథ ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూసుందరి’లో ప్రచురితమైంది. దిద్దుబాటు వెలువడేనాటికి అచ్చమాంబ మరణించి దాదాపు అయిదేళ్లయింది.

అచ్చమాంబ కథ రహస్యంగా దాగిన తాళపత్రంలో లేదు. అచ్చయిన పత్రికలో ఉంది. ఆమె అనామకురాలూ కాదు. ‘అబలాసచ్చరిత్రరత్నమాల’ రచయిత్రిగా తన కాలంలో ప్రసిద్ధురాలు. అయినా కథానికాచరిత్రలో ఆమెకు చోటు దక్కడానికి దశాబ్దాలు పట్టింది. ఈ జాప్యానికి పరిశోధనపద్ధతిలోనే రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, అన్వేషణక్షేత్రం. స్త్రీల పత్రికలను సాహిత్యపత్రికలుగా పరిగణించనప్పుడు, వాటిని తెరిచి చూడవలసిన అవసరమే కలగదు. వెతకని చోట దొరకకపోవడాన్ని లేకపోవడంగా నమోదు చేయడం జరిగింది. రెండవది, నిర్వచనం. దిద్దుబాటులోని ఎత్తుగడ, సంభాషణ, కొసమెరుపులను దృష్టిలో పెట్టుకొని కథానికకు లక్షణాలు నిర్ణయించి, తిరిగి ఆ లక్షణాలు సంపూర్ణంగా ఉన్న తొలి రచన దిద్దుబాటేనని చెప్పడం చక్రకదోషం. లక్ష్యం నుంచి లక్షణాన్ని తీసి, ఆ లక్షణంతో అదే లక్ష్యాన్ని సమర్థించే వాదం ఎంత దూరం నడిచినా బయలుదేరిన చోటికే చేరుతుంది.

దీనివల్ల దిద్దుబాటు విలువ తగ్గదు. ‘మొదట అచ్చయినది’, ‘ఒక నిర్వచనానికి మొదట ఒదిగినది’, ‘తరువాతి రచయితలను మొదట ప్రభావితం చేసినది’ అనేవి మూడు వేర్వేరు ప్రతిపాదనలు. మొదటిదానికి పత్రికల సంచికలు ఆధారం. రెండవదానికి నిర్వచనచర్చ ఆధారం. మూడవదానికి తరువాతి రచయితల సాక్ష్యం ఆధారం. ఈ మూడింటినీ ‘తొలి’ అన్న ఒకే పదంలో ఇమిడ్చినప్పుడు ఒకదానికి చెందిన ఆధారం మరొకదానికి చెల్లుబాటవుతుంది. అచ్చమాంబ వంటి రచయిత్రి ఆ అస్పష్టతలోనే మరుగున పడింది. పరిశోధనదోషం ఒక పుటలో ఆగిపోదు. అది పాఠ్యప్రణాళికగా మారి, ఎవరిని చదవాలో, ఎవరిని మరవాలో నిర్ణయిస్తుంది.

5. సాక్ష్యభారం – నన్నెచోడుని కాలం:
మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని ‘కుమారసంభవము’ ప్రథమభాగాన్ని ప్రకటించాడు. ఆ కవి నన్నయకంటె పూర్వుడని ప్రతిపాదించాడు. ఆదికవి స్థానాన్నే కదిలించే ఈ ప్రతిపాదనమీద తీవ్రమైన చర్చ జరిగింది. కవి పన్నెండవ శతాబ్దివాడన్న అభిప్రాయం తరువాత బలపడింది. కావ్యం ప్రామాణికతనే సందేహించినవారూ లేకపోలేదు.

ఈ చర్చలో నేటి పరిశోధకుడు గమనించవలసినది ఎవరు గెలిచారన్నది కాదు, ఏ ఆధారం ఎంత బరువు మోయగలదన్నది. కావ్యంలో కవి తన వంశాన్ని, తండ్రి చోడబల్లిని, గురువు మల్లికార్జునుని పేర్కొన్నాడు. ఇది అంతరంగసాక్ష్యం. శాసనాలలో కనిపించే చోడవంశీయుల పేర్లు బహిరంగసాక్ష్యం. రెండింటిలో పేరు ఒకటైనంతమాత్రాన వ్యక్తి ఒకడేనని చెప్పలేము. ఆ వంశాలలో తాత పేరు మనుమనికి పెట్టడం ఆచారం; ఒకే పేరుగల వారు పలువురు ఉంటారు. పేరు కలవడం అన్వేషణకు ఆరంభం మాత్రమే. వంశక్రమం, ప్రాంతం, మతం, భాషాస్థితి కూడా కలిసినప్పుడు అది నిర్ణయానికి దగ్గరవుతుంది.

భాషాసాక్ష్యానికీ పరిమితి ఉంది. ప్రాచీనప్రయోగాలు కనిపించినంతమాత్రాన కవి ప్రాచీనుడు కానక్కరలేదు. కవులు పాతమాటను ఇష్టపడి వాడతారు, ప్రాంతీయంగా పాతరూపాలు నిలిచి ఉంటాయి, లేఖకులు మారుస్తారు. అర్వాచీనప్రయోగం విషయంలోనూ లేఖకుని చేతిని సందేహించవలసిందే. ఈ కారణంగానే ఒక ప్రయోగంమీద కాక, పరస్పరం సంబంధంలేని పలు ఆధారాలు ఒకే దిక్కును చూపడంమీద కాలనిర్ణయం నిలబడాలి.

స్థిరపడిన అభిప్రాయాన్ని మార్చదలచినవారిమీదనే సాక్ష్యభారం ఉంటుంది. అయితే ఆ సూత్రాన్ని కొత్త ప్రతిపాదనను వినకుండా తోసివేయడానికి వాడకూడదు. మానవల్లి నిర్ణయాన్ని అంగీకరించనివారికి సైతం ఆయన వెలికితీసిన కావ్యమే చర్చకు ఆధారమైంది. తన ఆకరాన్ని ప్రకటించిన పరిశోధకుని నిర్ణయం వీగిపోయినా అతని కృషి నిలుస్తుంది. ఆకరాన్ని దాచినవాని నిర్ణయం సరియైనదే అయినా, దానిమీద మరొకరు కట్టడానికి ఏమీ మిగలదు.

6. పరిధిని ప్రకటించడం:
ఆధారపరిమితిని దాచకుండా చెప్పడానికి ఉత్తమమైన ఉదాహరణ కన్యాశుల్కం మొదటి కూర్పు పీఠికలోనే ఉంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కవివాహాల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించినట్లు గురజాడ అందులో తెలిపాడు. జాబితాకెక్కినవి 1034 వివాహాలు, అంటే ఏడాదికి సగటున 344. సంస్కరణకోసం వాదించే రచయితకు ఈ సంఖ్యలే చాలు. కాని ఆయన అక్కడ ఆగలేదు. సొమ్ము పుచ్చుకున్నవారు ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇష్టపడరు కాబట్టి జాబితా సమగ్రం కాదని కూడా చెప్పాడు.

సంఖ్య, అది వచ్చిన మార్గం, అది తప్పే దిశ అనే మూడూ ఇందులో ఉన్నాయి. లెక్క వాస్తవంకంటె ఎక్కువగా కాక, తక్కువగా ఉండే అవకాశముందని పాఠకుడు స్వయంగా గ్రహించగలడు. ప్రశ్నావళికి వచ్చిన సమాధానాలను శాతాలుగా మార్చి, అడిగినవారెవరు, చెప్పనివారెందరు అన్నది వదిలేసే నేటి క్షేత్రపరిశోధనలకు ఈ పీఠిక ఒక పాఠం. పరిమితిని చెప్పుకుంటే పరిశోధన బలహీనపడుతుందన్న భయం నిరాధారమైనది. పరిమితి తెలిసిన నిర్ణయాన్ని మాత్రమే తరువాతి పరిశోధకుడు ధైర్యంగా వాడుకోగలడు.

7. గ్రంథచౌర్యపరీక్ష – శాతం చెప్పనిది:
విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నాటి నిబంధనలు సారూప్యతను స్థాయిలుగా విభజించాయి. 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే సిద్ధాంతగ్రంథాన్ని సవరించి ఆరు నెలలలోపు సమర్పించాలి. 40 దాటి 60 శాతం వరకు ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని సమర్పించరాదు. 60 శాతం దాటితే నమోదు రద్దవుతుంది. ఈ నిబంధనలు అవసరమైనవే. అయితే ‘పది శాతంలోపు వచ్చింది’ అన్న ధ్రువపత్రం పరిశోధన నాణ్యతకు ధ్రువపత్రంగా చలామణి కావడం ప్రమాదకరం.

సాఫ్ట్‌వేరు పదాల కలయికను కొలుస్తుంది. ఆలోచన ఎవరిదో కొలవదు. మరొకరి వాదాన్ని పర్యాయపదాలతో తిరగరాస్తే సారూప్యత తగ్గుతుంది, చౌర్యం తగ్గదు. తెలుగులో ఇంకొక చిక్కు కూడా ఉంది. అను వంటి యూనికోడేతర ఖతులలో కూర్చిన పాఠం తెరమీద తెలుగుగానే కనిపించినా దాని అంతర్గతసంకేతాలు తెలుగు అక్షరాలవి కావు. దానిని మార్పిడి చేయకుండా పోల్చితే సారూప్యత ఉన్నా బయటపడదు. పాత ముద్రణలు, గ్రంథాలయాలలో అచ్చుప్రతులుగానే ఉన్న సిద్ధాంతగ్రంథాలు యంత్రానికి అసలే అందవు.

పరోక్ష ఉటంకింపు కూడా ఇటువంటిదే. ఒక విమర్శగ్రంథంలో చూసిన ఉటంకింపును తీసుకొని, దాని మూలగ్రంథాన్నే చూసినట్లు సూచిక ఇవ్వడం ఏ యంత్రానికీ దొరకదు. ఆ విమర్శకుడు పుటసంఖ్య తప్పుగా ఇస్తే, అదే తప్పు పది సిద్ధాంతగ్రంథాలలో కనిపిస్తుంది. పది చోట్ల కనిపించింది కాబట్టి పదకొండవ పరిశోధకుడు దానిని నిజమని నమ్ముతాడు. ఒకే నోటి మాటను పదిమంది చెబితే పది సాక్ష్యాలు కావు. ‘ఫలానా గ్రంథంలో ఉటంకితం’ అని రాయడానికి పరిశోధకుడు సంకోచించనక్కరలేదు. అది లోపం కాదు, నిజాయితీ.

8. ముగింపు:
పై పరిశీలన ద్వారా కింది విషయాలను ప్రతిపాదించవచ్చు.

1. ఖండనకు అవకాశమున్న ప్రశ్నను రూపొందించుకోవడంతోనే పరిశోధన మొదలవుతుంది. అంశం ఎంపిక దానికి పూర్వరంగం మాత్రమే.
2. ఉటంకించే పాఠం ఏ కూర్పుదో, ఏ సంకలనందో నిర్ణయించకుండా రచయిత దృక్పథాన్ని గాని, భాషను గాని కాలానుక్రమంలో చర్చించడం చెల్లదు.
3. ‘తొలి’ వంటి విశేషణాన్ని ‘ఇంతవరకు లభించిన ఆధారాల మేరకు’ అన్న పరిధితో వాడాలి. ఏ అర్థంలో తొలిదో చెప్పాలి. ఏయే పత్రికలు, ఏయే సంవత్సరాలు పరిశీలించినదీ తెలపాలి.
4. పరస్పరం సంబంధంలేని ఆధారాలు కలిసినప్పుడే కాలనిర్ణయానికి బలం చేకూరుతుంది. నామసామ్యం ఒక్కటే చాలదు.
5. సారూప్యతాశాతం నైతికతకు కనీసపరిమితి. ఆధారాన్ని స్వయంగా చూడడానికి అది ప్రత్యామ్నాయం కాదు.

వీటిని ఆచరణలోకి తేవడానికి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. కోర్సువర్కులో భాగంగా ప్రతి పరిశోధకునిచేత తన అంశానికి సంబంధించిన ఒక ప్రసిద్ధవాక్యాన్ని ఎంపిక చేయించి, అది మొదట ఎక్కడ, ఏ ఆధారంతో వచ్చిందో మూలందాకా వెతికించి రాయించవచ్చు. ఆ వాక్యం నిలిస్తే పరిశోధకునికి గట్టిపునాది దొరుకుతుంది. నిలవకపోతే పరిశోధించవలసిన ప్రశ్న దొరుకుతుంది. హిందూసుందరి సంచికను తెరిచి చూసినవారికి దొరికినది అటువంటి ప్రశ్నే. తెరవవలసిన సంచికలు తెలుగులో ఇంకా చాలా ఉన్నాయి.